స్కాలర్‌షిప్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?



పోయిన వారం క్లాసు అయిపోయాక సెకండియర్ పిల్లలు నలుగురు వరండాలో నిలబడి బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో కాలేజీ టీముల్లో ఆడేవాళ్ళకి ఇప్పుడు యూనివర్సిటీలే డబ్బులిస్తున్నాయని ఒకడన్నాడు. పక్కవాడు వెంటనే అందుకున్నాడు: "అన్యాయం రా. ఫ్రీగా సీటిచ్చారు, హాస్టలిచ్చారు, స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఇంకేం కావాలంట వాళ్ళకి?"

నాకు నోట మాట రాలేదు. ఆ మాటన్న పిల్లాడు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాడు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉంటున్నాడు. సరిగ్గా ఇదే మాట, ఇదే గొంతుతో, తన గురించి ఊళ్ళో ఎంతమంది అంటుంటారో వాడికి బాగా తెలుసు. మన వీపు మీద విరిగిన కర్రనే మన చేతికిచ్చి ఇంకొకడి వీపు చూపిస్తే, మనం కూడా కొట్టేస్తాం. అంతగా ఇంకిపోయింది ఆ మాట మనలోకి.

వాడికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వారం ఎడ్ ఒబానన్ గురించి రాస్తున్నాను.

ఒబానన్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. పొడగరి, ఎడమచేతి వాటం. 1990లో యూసీఎల్ఏలో చేరాడు. సీజన్ మొదలవకముందే మోకాలి లిగమెంట్ తెగింది. మళ్ళీ ఆడతాడన్న నమ్మకం లేని పరిస్థితి. ఆ ఏడాదంతా ఆటకి దూరంగా ఉండి, నెమ్మదిగా తిరిగొచ్చాడు. 1995 ఏప్రిల్ 3న సియాటిల్‌లో జాతీయ ఫైనల్. ఆర్కాన్సా మీద యూసీఎల్ఏ 89–78తో గెలిచింది. ఒబానన్ ఒక్కడే 30 పాయింట్లు చేశాడు, 17 రీబౌండ్లు పట్టాడు. ఆ యూనివర్సిటీకి ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన టైటిల్ అది. చివరి దశ పోటీల్లో మేటి ఆటగాడు అతనే. ఆ ఏడు జాన్ వుడెన్ అవార్డూ అతనికే. తర్వాత అతని 31 నంబరు జెర్సీని ఇంకెవరూ వేసుకోకుండా పక్కన పెట్టి యూనివర్సిటీ అతన్ని గౌరవించింది.

గౌరవించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

ఆ వేసవిలోనే న్యూజెర్సీ నెట్స్ జట్టు అతన్ని తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏలో రెండు సీజన్లు ఆడాడు, అంతే. ఆ తర్వాత ఇటలీ, స్పెయిన్, గ్రీస్, అర్జెంటీనా, పోలండ్. ఎక్కడ కాంట్రాక్టు దొరికితే అక్కడికి. 2004లో, 32 ఏళ్ళకి, ఆట మానేశాడు. లాస్ వేగస్ దగ్గర కార్ల షోరూములో సేల్స్ ఉద్యోగంలో చేరాడు.

ఇలాంటి కథల్ని పత్రికలు ఎలా రాస్తాయో మీకు తెలుసు. "ఒకప్పటి స్టార్, ఇప్పుడు కార్లమ్ముతున్నాడు" అని. అయ్యో పాపం అన్న స్వరం. ఆ స్వరం మీద నాకు కోపం. కార్లమ్మి పెళ్ళాం బిడ్డల్ని పోషించుకోవడంలో పతనం ఏముంది? పనిచేసి బతకడాన్ని తలవంపుగా చూడటం ఏ బుద్ధో మనకెవరూ చెప్పక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అతను ఆడిన ఆట మీద వచ్చిన డబ్బు ఎవరింటికి పోయింది?

ఆ ప్రశ్న ఒబానన్‌కి ఒక స్నేహితుడి ఇంట్లో ఎదురైంది. ఆ స్నేహితుడి కొడుకు ఈఏ స్పోర్ట్స్ వాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్ వీడియోగేమ్ ఆడుతున్నాడు. తెర మీద యూసీఎల్ఏ 1995 జట్టు. అందులో ఒక బొమ్మ. 31 నంబరు, అదే ఒంటిరంగు, అదే గుండు, అదే ఎడమచేతి షాటు. పేరు ఒక్కటే లేదు. పేరు తప్ప మనిషంతా ఉన్నాడు. ఆ గేమ్‌కి డబ్బు పెట్టి కొన్నవాళ్ళున్నారు, అమ్మి లాభం తీసుకున్నవాళ్ళున్నారు, లైసెన్సు పేరుతో వాటా తీసుకున్నవాళ్ళున్నారు. ఆ ఒళ్ళు ఎవరిదో ఆ మనిషికి మాత్రం ఒక్క సెంటు రాలేదు. ఎవరూ అడగను కూడా అడగలేదు.

2009 జులైలో ఒబానన్ కోర్టుకెళ్ళాడు. కాలేజీ ఆటల్ని శాసించే సంస్థ ఎన్‌సీఏఏ మీద కేసు. తర్వాత ఆస్కార్ రాబర్ట్‌సన్, బిల్ రసెల్ లాంటి మహామహులు కూడా అతని వెంట నిలబడ్డారు. 2014 జూన్‌లో ఓక్లండ్‌లో విచారణ. మొదటి సాక్షి ఒబానన్. వారానికి నలభై, నలభై ఐదు గంటలు ఆట పనికే పోయేవని, చదువుకి పన్నెండు గంటలు మిగిలితే ఎక్కువని, తాను విద్యార్థి వేషంలో ఉన్న ఆటగాణ్ణని అతను కోర్టులో చెప్పాడు. అప్పటికి ఆ కేసులో సొంత నష్టపరిహారం కూడా అడగడం లేదు. నియమం మార్చమన్నది ఒక్కటే అడుగుతున్నారు.

ఇప్పుడు ఆ పిల్లాడి ప్రశ్నకొద్దాం. స్కాలర్‌షిప్ ఇచ్చారు కదా?

ఇచ్చారు. ఎలా ఇచ్చారో చూడండి. 1973 నుంచి దాదాపు నలభై ఏళ్ళ పాటు ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఆ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికే. మళ్ళీ ఏడు ఇవ్వాలా వద్దా అన్నది కోచ్ దయ. ఆట తగ్గినా, కోచ్‌కి నచ్చకపోయినా పోవచ్చు. చదువు కోసం ఇచ్చేదైతే ఆట బాగాలేదని ఎలా ఆపుతారు? పని నచ్చకపోతే ఆగిపోయేదాన్ని మన ఊళ్ళో కూలి అంటారు. అది కూలే. కాకపోతే ఎంత ఇవ్వాలో ఒక్క వైపు వాళ్ళే కూడబలుక్కుని తేల్చిన కూలి. పక్క ఆసామి ఎక్కువ ఇస్తానన్నా ఇవ్వకూడదని ఆసాములందరూ కట్టుబాటు చేసుకున్న కూలి.

మరోవైపు ఆ ఆట మీద ఎంత వస్తోంది? ఒక్క మగపిల్లల జాతీయ టోర్నమెంటు టీవీ హక్కులకే 2010లో 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్ళలో అందరికన్నా ఎక్కువ జీతం గవర్నరుకి కాదు, స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌కో బాస్కెట్‌బాల్ కోచ్‌కో. పై స్థాయి మగపిల్లల బాస్కెట్‌బాల్‌లో ఆడేవాళ్ళలో సగానికి పైగా నల్లవాళ్ళు. ఆడించేవాళ్ళలో, సంతకాలు పెట్టేవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. చెమట ఎవరిది, సంతకం ఎవరిది అన్న లెక్క మనకి కొత్త కాదు.

ఇదంతా ఇన్నాళ్ళు ఎలా నడిచింది? పోలీసుల్ని పెట్టి నడిపించలేదు. ఒక్క మాటతో నడిపించారు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మాటల వెనక ఏముందో చూడటమే నా వృత్తి. అందుకే ఈ మాట పుట్టుక దగ్గర కాస్త ఆగుతాను.

1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆటలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం ఇమ్మని అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదు కాబట్టి అతను ఉద్యోగి కాడంది. ఆ కాలంలోనే, ఇలాంటి పరిహారం కేసులకి భయపడి, ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బయర్స్, ఆయన మనుషులు ఒక మాట తయారు చేశారు. స్టూడెంట్-అథ్లెట్. విద్యార్థి-క్రీడాకారుడు. ఎంత మర్యాదగా ఉందో చూడండి. ప్లేయర్ అనకండి, అంతటా ఈ మాటే వాడండి అని నియమం పెట్టారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న చిన్న గీత ఒక విధవరాలికి అందాల్సిన పరిహారాన్ని ఆపే అడ్డుకట్ట.

ఈ సంగతి నేను కల్పించి చెబుతున్నది కాదు. బయర్సే పదవి దిగాక పుస్తకం రాసి ఒప్పుకున్నాడు. తాను కట్టిన వ్యవస్థని తానే పాత తోటల యజమానుల బుద్ధితో పోల్చాడు. ఆ పుస్తకం ఏ ఏడు వచ్చిందో తెలుసా? 1995. ఒబానన్ సియాటిల్‌లో టైటిల్ గెలిపించిన ఏడు.

ఆ మాట వెనక ఇంకో పాత మాట ఉంది. అమెచ్యూర్. డబ్బు కోసం కాకుండా ఇష్టంతో ఆడేవాడు అని అర్థం. వినడానికి ఎంత పవిత్రం! కానీ ఈ పవిత్రత ఎక్కడ పుట్టిందో చూడండి. ఇంగ్లండులో హెన్లీ పడవ పందేలకి 1879లో పెట్టిన నియమం ప్రకారం వృత్తి రీత్యా మెకానిక్, చేతిపనివాడు, కూలి అయినవాడు అమెచ్యూర్ కాడు. అంటే ఆటలో డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది కాదు సంగతి. కాయకష్టం చేసినవాడు దొరల పక్కన పడవ నడపకూడదు. చేత్తో పనిచేస్తే మైల! ఈ నియమం చదివినప్పుడు ఏ దేశం గుర్తొచ్చిందో నేను చెప్పాలా?

ఇంగ్లీషు క్రికెట్‌లో 1962 దాకా డబ్బు తీసుకోని పెద్దమనుషులు వేరు, కూలికి ఆడేవాళ్ళు వేరు. మైదానాల్లో వాళ్ళకి వేరే గది, వేరే దారి. ఆ క్రికెట్ మన దేశానికొచ్చి ఇక్కడి కులాన్ని కలుపుకుంది. పల్వంకర్ బాలూని తలుచుకోండి. చర్మకార కుటుంబంలో పుట్టి పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేసి, నెట్స్‌లో దొరలకి బంతులేసి ఎదిగిన మనిషి. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో వికెట్ల మీద వికెట్లు తీసినవాడు. హిందూ జట్టుకి అతని బౌలింగ్ కావాలి. టీ మాత్రం పెవిలియన్ బయట, తాగి పారేసే మట్టి ముంతలో. కెప్టెన్సీ ఏనాడూ ఇవ్వలేదు. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన మనవాళ్ళకి ఆ మట్టి ముంత గురించి వివరించక్కర్లేదు. ఆట అయిపోయాక ఏం చేశారు? 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ వాళ్ళు బాలూని తీసుకొచ్చి బాబాసాహెబ్ మీదే పోటీకి పెట్టారు. బాబాసాహెబ్ గెలిచారు. ఆడినంతకాలం ఒళ్ళు వాడుకున్నారు, ఆట అయ్యాక పేరు వాడుకున్నారు.

ఒబానన్ తన పేరుని వాళ్ళకి వదల్లేదు. ఇదే నేను ఈ మనిషిలో చూసిన గొప్పతనం. 30 పాయింట్లు ఆ తర్వాతే.

ఇప్పుడు మన మాటల దగ్గరికి రండి. అంగన్‌వాడీ అక్కకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆశా అక్కకి ఇచ్చేది ప్రోత్సాహకం. కాలేజీలో నాలాంటి పాఠమే చెప్పేవాణ్ణి గెస్ట్ అంటారు. అతిథి! అతిథికి అన్నం పెడతారు, జీతం ఇవ్వరు కదా. కాలువలో దిగేవాడి కాళ్ళు కడిగి శాలువా కప్పుతారు, యంత్రం కొనరు. గౌరవం ఎక్కువైన ప్రతిచోటా జీతం తక్కువ ఉంటుంది. చూసుకోండి.

2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అక్కలు సమ్మెకి దిగారు. 42 రోజులు రోడ్డు మీద ఉన్నారు. జీతం అడిగినప్పుడు వాళ్ళు గౌరవ సేవకులు. సమ్మె చేస్తే మాత్రం 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. అంటే అత్యవసర సేవ! జీతానికి సేవకురాలు, శిక్షకి ఉద్యోగి. ఒబానన్ కేసులో ఎన్‌సీఏఏ చేసింది ఇదే. ఆడమన్నప్పుడు క్రమశిక్షణగా పనికి రావాల్సిన మనిషి, డబ్బడిగితే చదువుకునే పిల్లాడు.

యూనివర్సిటీలో మన పిల్లల ఫెలోషిప్ సంగతి? అది దానం కాదు, పరిశోధన అనే పనికి ఇచ్చే డబ్బు. అయినా దాన్ని దానంలాగే ఇస్తారు. ఆపాలనుకున్నప్పుడు ఆపుతారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలి వెళ్ళిపోతూ రాసిన ఉత్తరంలో తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క ఉంది. ఒక లక్షా డెబ్బై ఐదు వేలు. ఆ ఉత్తరంలోని నక్షత్రాల గురించి అందరూ మాట్లాడతారు. ఆ లెక్క గురించి కూడా మాట్లాడండి. చివరి నిమిషంలో కూడా ఆ పిల్లాడు భిక్ష అడగలేదు, బాకీ అడిగాడు.

సరే, ఒబానన్ గెలిచాడా?

2014 ఆగస్టు 8న జడ్జి క్లాడియా విల్కెన్ తీర్పు చెప్పారు. ఆటగాళ్ళ పేరు, రూపం మీద వచ్చే డబ్బులో వాళ్ళకి వాటా ఇవ్వొద్దన్న ఎన్‌సీఏఏ నియమం పోటీ చట్టానికి విరుద్ధం అన్నారు. ఆటగాడి పేరున ఏడాదికి 5,000 డాలర్ల దాకా దాచిపెట్టి, చదువయ్యాక ఇవ్వొచ్చన్నారు. 2015లో అప్పీలు కోర్టు నియమం తప్పన్న మాట నిలబెట్టి, ఆ 5,000 మాత్రం కొట్టేసింది. 2016లో సుప్రీంకోర్టు ఆ కేసు వినలేదు. కానీ తలుపు పగులు బారింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మందీ ఒక్కటై ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. కవనా అనే జడ్జి, అది కూడా ట్రంప్ నియమించిన జడ్జి, పనివాళ్ళకి కూలి ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని చెప్పుకోవడం ఇంకే వ్యాపారంలోనూ చెల్లదని విడిగా రాశాడు. జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద తాము సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో అదే జడ్జి విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వడం మొదలైంది. ఒక్కో యూనివర్సిటీకి మొదటి ఏడాది పరిమితి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. 2016 తర్వాత ఆడినవాళ్ళకి బకాయిగా సుమారు 280 కోట్ల డాలర్లు.

2016 తర్వాత ఆడినవాళ్ళకి. 1995లో ఆడినవాడికి అందులో వాటా లేదు. తలుపు పగలగొట్టినవాడు వాకిట్లోనే ఉన్నాడు. మన ఉద్యమాల్లో ఇలాంటివాళ్ళు వాడకొకరు ఉంటారు. వాళ్ళ పేరు మీద సభ పెడతాం. వాళ్ళింట్లో బియ్యం ఉన్నాయో లేదో అడగం. ఇది మనకీ తగిలే మాటే, తగలనివ్వండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇప్పుడు నలుగురు స్టార్లకి కోట్లు వస్తున్నాయి కాబట్టి సమస్య తీరిపోయిందని అంటున్నారు. తీరలేదు. ఎన్‌సీఏఏ ఈరోజుకీ ఆటగాణ్ణి ఉద్యోగి అనడం లేదు. 2024లో ఈఏ వాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ మళ్ళీ వచ్చింది. ఈసారి అందులోకి రావడానికి ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. ఒబానన్‌కి సున్నా, వీళ్ళకి 600. పెరిగిందనే అందాం. కానీ ఆ ధర ఎవరు కట్టారు? ఎవరితో బేరమాడి కట్టారు? అదే ఏడాది మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ పిల్లలు 13–2 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నారు. కాలేజీ వాళ్ళు కూర్చుని మాట్లాడటానికే ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివరి రోజున పిల్లల తరపున వేసిన పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. స్టార్‌కి చెక్కు ఇవ్వడానికి వాళ్ళకి అభ్యంతరం లేదు. జట్టంతా కలిసి కూర్చుని బేరమాడితేనే భయం. ఒక్కడికి ఐఐటీ సీటొస్తే ఫ్లెక్సీ కట్టే సమాజం, వందమంది కలిసి మెస్ చార్జీలు అడిగితే గేటు ముందు పోలీసుల్ని నిలబెట్టడం చూళ్ళేదా మనం?

"అమెరికా బాస్కెట్‌బాల్ మనకెందుకన్నా" అని కామెంట్లో అడగబోయే తమ్ముళ్ళకి ముందే చెబుతున్నా. 1873లో మహాత్మా ఫూలే గులాంగిరీ రాసి, నల్లవాళ్ళ బానిసత్వం పోగొట్టిన అమెరికా మనుషులకి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత్ పాంథర్స్ పెట్టారు. వాళ్ళ బాధ, మన బాధ ఒకటేనని నేననను. నల్లవాడి ఆట చూడటానికి తెల్లవాళ్ళు టికెట్టు కొంటారు. మన పనిని చూడటం కూడా ఇష్టం లేని సమాజం మనది. తేడా ఉంది. కానీ ఒకడి పనిని పని అనకుండా ఇంకేదో అందమైన పేరు పెట్టి పిలిచే విద్య రెండుచోట్లా ఒక్కటే. దాన్ని గుర్తుపట్టడం వాళ్ళ దగ్గర మనమూ, మన దగ్గర వాళ్ళూ నేర్చుకోవాల్సిందే.

ఇక ఆ పిల్లాడికి నా జవాబు.

నాయనా, స్కాలర్‌షిప్ ఇచ్చారు కదా అని ఎవరైనా అంటే నువ్వు తల దించుకోకు. రెండు ప్రశ్నలు అడుగు. ఇది ఎవరి డబ్బు? ఇది ఇచ్చేవాడు ఎప్పుడైనా ఆపగలడా? మొదటి ప్రశ్నకి జవాబు, మీ అమ్మ కోతకెళ్ళి, సరుకులు కొని, పన్ను కట్టిన డబ్బు అని. రెండో ప్రశ్నకి అవును అని జవాబొస్తే, అది ఇంకా హక్కు కాలేదని అర్థం. అప్పుడు చెయ్యాల్సింది థాంక్స్ చెప్పడం కాదు, పక్కవాళ్ళని కూడగట్టుకోవడం.

ఒబానన్ చేసింది అంతే. జెర్సీని పైన వేలాడదీసి చప్పట్లు కొట్టారు. అతను కిందనుంచి లెక్క అడిగాడు.

రేపు క్లాసులో ఇది చదివి వినిపిస్తాను. ఆ నలుగురూ వరండాలోకి వెళ్ళకముందే.

జై భీమ్.